ఏరీ సరస్సులో చిన్న బోటు నుంచి వాల్‌ఐ చేప వేట: ఎర తోక తెగుతోంది, చేప పడట్లేదు

టొలీడోతీరం:
జూన్ నెల, అమెరికా-కెనడా సరిహద్దులో ఉన్న ఏరీ సరస్సు పడమటి భాగం, 18 నుంచి 24 అడుగుల లోతు. బోటు 14 అడుగుల అల్యూమినియంది, 9.9 హార్స్‌పవర్ టిల్లర్ మోటారు. 2 ఔన్సుల బాటమ్ బౌన్సర్ (అడుగు తాకుతూ పోయే, తీగకి బిగించిన బరువు), దాని వెనక హార్నెస్, అంటే కొలరాడో బ్లేడ్ (నీళ్ళలో తిరిగే గుండ్రటి రేకు), రెండు హుక్కులు ఉన్న దారం, ఆ హుక్కులకి పెద్ద వానపాము. మోటారు ఐడిల్‌లో పెట్టినా జీపీఎస్‌లో వేగం గంటకి 2.2 మైళ్ళకి తగ్గట్లేదు. వానపాము తోక తెగి వస్తోంది, లీడర్ (బౌన్సర్ నుంచి హుక్కుల దాకా ఉండే దారం) మెలికలు పడి ముద్దవుతోంది, బౌన్సర్ అడుగు తాకుతోందో లేదో అర్థం కావట్లేదు. ఎలక్ట్రిక్ మోటారు కొనకుండా ఇవి సర్దుకునే దారి ఉందా అండీ?

గాలంవాలా:
ముందు వేగం సంగతి చూడండి, మిగతావి సగం దాంతోనే సర్దుకుంటాయి. వానపాముతో లాగేటప్పుడు 0.8 నుంచి 1.3 మైళ్ళు చాలు. 2.2 అనేది క్రాంక్‌బెయిట్ (చేప ఆకారపు కృత్రిమ ఎర) వేగం. ఆ వేగంలో 2 ఔన్సుల బరువు 20 అడుగుల నీళ్ళలో అడుగున నిలవదు, పైకి లేచిపోతుంది. మీకు తాకిడి తెలియకపోవడానికి కారణం అదే.

ఎలక్ట్రిక్ మోటారు అక్కర్లేదు. ఒక డ్రిఫ్ట్ సాక్ (నీళ్ళలో లాగుతూ బోటు వేగం తగ్గించే గుడ్డ సంచి) తీసుకోండి, మూతి 24 నుంచి 30 అంగుళాలు ఉంటే మీ బోటుకి సరిపోతుంది. దాన్ని ముందు కొక్కేనికి కట్టి నీళ్ళలో వదలండి. తాడు మాత్రం పొట్టిగా ఉండాలి: సాక్ పొడవు కూడా కలుపుకుని ప్రొపెల్లర్‌ని అందుకోకూడదు, ఇది మరవద్దు. గాలి బాగా ఉన్న రోజు మోటారు ఆపేసి, సాక్‌ని గాలి వచ్చే వైపు బోటు పక్కన కట్టి కొట్టుకుపోనిస్తే చాలు. వేగం తగ్గించడానికి రివర్స్‌లో లాగేవాళ్ళున్నారు, కానీ వెనక పలక తక్కువ ఎత్తున్న బోటులో అలలకి ఎదురుగా ఆ పని చేయొద్దు. ఈ భాగం సగటు లోతు 24 అడుగులే, గాలి మారితే అల పొట్టిగా, నిటారుగా లేస్తుంది.

బరువు లెక్క: 10 అడుగుల లోతుకి ఔన్సు, వేగం మైలు దగ్గర ఉన్నప్పుడు. 24 అడుగుల్లో 2.5 లేదా 3 ఔన్సులకి మారండి. స్పూల్ మీద బొటనవేలు ఉంచి మెల్లగా దించండి, అడుగు తగలగానే ఆపండి. దారం నీళ్ళలోకి దాదాపు 45 డిగ్రీల వాలులో దిగాలి. అంతకంటే వెనక్కి పడుకుంటే వేగం ఎక్కువ, లేదా బరువు తక్కువ. బౌన్సర్ తీగ అప్పుడప్పుడు ‘టక్’మనాలి. ఎడతెగకుండా గీసుకుపోతుంటే తీగ పక్కకి పడిపోయిందన్నమాట, ఎర బురదలో ఈడ్చుకుపోతోంది. రీల్‌ని ఒక చుట్టు తిప్పి దారం పైకి లాగండి.

ఎరమనిషి:
మెలికలకి కారణం దాదాపు ఎప్పుడూ వానపాము గుచ్చిన తీరే. ముందు హుక్కు తల కొసలోంచి గుచ్చండి. వానపామును తిన్నగా చాపి, రెండో హుక్కు ఎక్కడ పడుతుందో చూసుకుని, దానికి ఒక్క పిసరు ముందుగా గుచ్చండి. రెండు హుక్కుల మధ్య ఒళ్ళు కాస్త వదులుగా ఉండాలి. బిగువుగా ఉంటే వంకరపోయి గిరగిరా తిరుగుతుంది, దాంతో లీడర్ మెలిపడుతుంది. తిరగాల్సింది బ్లేడ్ ఒక్కటే. దించేముందు బోటు పక్కన రెండడుగులు లాగి చూడండి, తెలిసిపోతుంది. బౌన్సర్‌కీ లీడర్‌కీ మధ్య బాల్ బేరింగ్ స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే కీలు) పెట్టండి, చవక స్వివెల్ బరువు మీద తిరగదు. లీడర్ 4 నుంచి 5 అడుగులు, 12 నుంచి 15 పౌండ్ల మోనో (ఒంటి పోగు నైలాన్ దారం).

తోక తెగడం: రాడ్ హోల్డర్‌లో ఉంటే ముట్టుకోవద్దు, దానంతట అది వంగి బరువు నిలిచాక తీయండి. చేతిలో ఉంటే కొన వెనక్కి, చేప వైపుకి జరపండి, బరువు తెలిశాక ముందుకి లాగండి, ఝాడించొద్దు. అప్పటికీ తెగుతుంటే వెనక మిగిలిన తోకని అంగుళం వదిలి గోటితో తుంచేయండి. గబగబా పొడిచినట్టు చిన్న చిన్న తాకిళ్ళు వస్తుంటే అది వాల్‌ఐ కాకపోవచ్చు, వైట్ పెర్చ్ గుంపు. అక్కడ ఎర వృథా చేసుకోకుండా జరిగిపోవడమే మంచిది.

టొలీడోతీరం:
ధన్యవాదాలండీ. మలుపు తిప్పేటప్పుడే చేప తగులుతోంది, తిన్నగా పోతున్నప్పుడు లేదు. ఇదేమిటి?

గాలంవాలా:
ఏ వైపు రాడ్‌కి తగిలిందో చూడండి, అదే జవాబు. మలుపులో లోపలి రాడ్ నెమ్మదించి ఎర కిందికి దిగుతుంది, బయటి రాడ్ వేగం అందుకుంటుంది. లోపలిదానికి పడుతుంటే మీ వేగాన్ని 0.2 తగ్గించండి, బయటిదానికైతే అంతే పెంచండి. నెమ్మదిగా పోయినప్పుడు కొలరాడో బాగా తిరుగుతుంది, 1.5 దాటితే విల్లో ఆకు ఆకారం (సన్నటి, పొడవాటి) బ్లేడ్ పెట్టండి.

ఎరమనిషి:
ఇంకొకటి. జూన్‌లో మేఫ్లై పురుగులు బురదలోంచి పైకి లేస్తాయి, వాటి కోసం వాల్‌ఐ అడుగు వదిలి మధ్య నీళ్ళలోకి వస్తుంది. సోనార్‌లో చేపల గీతలు అడుగుకి 8 అడుగుల పైన కనిపిస్తుంటే బౌన్సర్ తీసేసి, చిన్న ఇన్‌లైన్ బరువుతో (దారం మధ్యలో కట్టేది) ఎరని ఆ గీతలకి కాస్త పైనే ఉంచండి. ఈ చేప పైకి చూసి తింటుంది, కిందున్న ఎర కోసం దిగడం అరుదు. ప్రతి చేప తర్వాత లీడర్ చివరి అడుగుని వేళ్ళ మధ్య జారవిడిచి చూడండి. జీబ్రా మసెల్ గుల్లలు, వాల్‌ఐ పళ్ళు దారాన్ని గరుకు చేస్తాయి, గరుకు తగిలితే కోసి మళ్ళీ కట్టండి. ఒహాయో వైపు 15 అంగుళాల లోపు వాల్‌ఐని వదిలేయాలి, స్కేలు బోటులోనే ఉంచుకోండి.