‘అన్‌డిఫీటెడ్, అన్‌టైడ్, అన్‌ఇన్వైటెడ్’: తెలుగులో ఎలా చెబుదాం?

1951 నాటి యూనివర్సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) జట్టు గురించి అమెరికాలో ఈ మూడు మాటలూ కలిపి చెబుతారు. ఇక్కడ ఒక మిత్రులు వీటికి తెలుగు అడిగితే, మరొకరు ‘ఓడని, కట్టని, పిలవని జట్టు’ అన్నారు. దాని మీద నాకు తోచింది రాస్తున్నాను.

ముందు ‘అన్‌టైడ్’ సంగతి. ఇక్కడ టై అంటే ముడి కాదండీ, స్కోరు సమం కావడం. అగ్రశ్రేణి అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ మ్యాచ్‌లకు 1996లో గానీ ఓవర్‌టైమ్ రాలేదు. అంతవరకూ సమమైన ఆట సమంగానే ముగిసేది. కాబట్టి ఓడకపోవడం వేరు, అన్నీ గెలవడం వేరు. ఆ తేడా చెప్పడానికే రెండో మాట వచ్చింది. ఈ జట్టు తొమ్మిది ఆడి తొమ్మిదీ గెలిచింది.

అదీ మామూలు జట్టు కాదు. కోచ్ జో కుహారిచ్. యుద్ధంలో పోరాడి వచ్చి కాలేజీలో చేరిన జీనో మార్కెట్టి అందులో ఉన్నాడు. ఆలీ మాట్సన్ ఆ ఏడాది బంతి పట్టుకుని 1,566 గజాలు పరిగెత్తి దేశంలోనే మొదట నిలిచాడు. న్యూయార్క్‌లో ఫోర్డమ్‌ను 32-26తో ఓడించిన రోజున అవతలివాళ్ళు తన్నిన కిక్‌ఆఫ్ బంతిని అందుకుని, దాదాపు మైదానమంతా దాటి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని అవతలి చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చాడు. అలా ఒకే మ్యాచ్‌లో రెండుసార్లు! మార్కెట్టి, మాట్సన్, బాబ్ సెయింట్ క్లెయిర్ ముగ్గురూ తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. జట్టు ప్రచారం చూసుకున్న కుర్రాడు పీట్ రోజెల్ ఆ తర్వాత అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కే కమిషనర్ అయ్యాడు.

ఇంత జట్టుకూ పిలుపు రాలేదు. సీజన్ అయ్యాక కొత్త సంవత్సరం వేళ ఆరెంజ్ బౌల్, షుగర్ బౌల్ లాంటి పెద్ద ఆటలు జరుగుతాయి. వాటికి ఎవరిని పిలవాలో అప్పట్లో నిర్వాహకులే తేల్చేవారు. చాలా బౌల్స్ దక్షిణాది రాష్ట్రాల్లోనే, అంటే వర్ణవివక్ష చట్టంగా అమలైన చోటే. ఈ జట్టులో మాట్సన్, బర్ల్ టోలర్ నల్లజాతివారు. ఆ ఇద్దరినీ వదిలేసి వస్తే బౌల్‌లో ఆడవచ్చన్నారని, తామంతా కుదరదన్నామని ఆ ఆటగాళ్ళు తర్వాతి కాలంలో చెప్పారు. ఫుట్‌బాల్ ఖర్చు మోయలేక ఉన్న యూనివర్సిటీకి బౌల్ డబ్బు ఎంతో అవసరం. ఆ సీజన్‌తోనే జట్టును ఎత్తేశారు.

ఇక మాటల దగ్గరికి వద్దాం. ‘ఓడని జట్టు’ అంటే ఓడనిది జట్టే. ‘పిలవని జట్టు’ అన్నప్పుడు పిలవనిది ఎవరు? ఎవరో జట్టును పిలవలేదా, జట్టే ఎవరినీ పిలవలేదా? తెలుగులో రెండు అర్థాలూ వస్తాయి. పైగా పిలవని పేరంటం అనగానే మన మనసు పిలవకుండా వెళ్ళినవాళ్ళ మీదికి పోతుంది. వీళ్ళు వెళ్ళనేలేదు! ‘పిలవబడని’ అంటే అసలు తెలుగులా లేదు. అందుకని విశేషణాలు మానేసి ‘ఓటమి లేదు, డ్రా లేదు, పిలుపు లేదు’ అంటే బాగుంటుందని నా అభిప్రాయం. మూడుసార్లు ‘లేదు’ పడుతుంది కాబట్టి ఆ ఊపు కూడా పోదు.

వ్యాఖ్య: ‘అజిత, అసమ, అనాహూత’ అంటే ఎలా ఉంటుందండీ? మూడూ అకారంతోనే మొదలవుతాయి.

జవాబు: వినడానికి చక్కగా ఉంది. కానీ ‘అసమ’ అంటే సాటిలేనిది అనే తీసుకుంటారు, డ్రా చేసుకోనిది అని ఎవరికీ తట్టదు. ‘అనాహూత’కు నిఘంటువు తియ్యాలి. ఇది పేపరు చదివే ప్రతివాళ్ళకీ అందాల్సిన కథ.

వ్యాఖ్య: ‘పిలుపు లేదు’ అంటే ఏదో మర్చిపోయినట్టుంది మాస్టారూ. ఇద్దరిని వదిలి రమ్మన్నారని మీరే రాశారుగా. అది పిలుపే కదా?

జవాబు: మీ అభ్యంతరం న్యాయమైనదే. మన ఇళ్ళలో పెళ్ళికి పిలుస్తూ ‘మీరు రండి, మీ తమ్ముణ్ణి తీసుకురాకండి’ అంటే దాన్ని పిలుపు అనం, అవమానం అంటాం. ఇంగ్లీషులోనూ ‘అన్‌ఇన్వైటెడ్’ దగ్గర ఆ షరతు పెట్టినవాళ్ళు కనబడకుండా పోయారు. వీళ్ళు కాదన్న సంగతీ పోయింది. కాబట్టి శీర్షికకు ‘ఓటమి లేదు, డ్రా లేదు, పిలుపు లేదు’ ఉంచి, కిందనే ‘ఇద్దరిని వదిలి రమ్మంటే రామన్న జట్టు’ అని ఒక వాక్యం చేర్చాలి. ఆ రెండో పంక్తి లేకుండా అచ్చు వెయ్యొద్దని అనువదించేవాళ్ళకు నా మనవి.

వ్యాఖ్య: టోలర్ తర్వాత ఏమయ్యారు?

జవాబు: 1952లో కాలేజ్ ఆల్‌స్టార్ మ్యాచ్‌లో మోకాలు దెబ్బతిని ప్రొఫెషనల్‌గా ఆడలేకపోయారు. 1965లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొదటి నల్లజాతి అంపైరింగ్ అధికారి అయ్యారు. 1980లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కూ పనిచేశారు.