అత్తమ్మను ఎక్కించుకుని ఘాట్ ఎక్కుతుందా ఈ కరెంటు స్కూటరు?

కొర్లగుంట టీచరమ్మ:

అందరికీ నమస్తే. మాది తిరుపతిలో కొర్లగుంట. చంద్రగిరి దగ్గర బళ్ళో టీచర్ని, రాను పోను 30 కిలోమీటర్లు. పదకొండేళ్ళ నాటి నా పెట్రోలు స్కూటరు ఈమధ్య పొద్దున పూట సెల్ఫ్ తీసుకోవడం మానేసింది. కిక్ కొట్టి కొట్టి చీర కుచ్చిళ్ళు ఊడిపోతున్నాయి. కరెంటు బండి కొందామని నాకుంది. మా ఆయన మాత్రం "ఫోన్‌కే ఛార్జింగ్ పెట్టడం మర్చిపోతావు, బండికి పెడతావా" అంటున్నారు. నిజమే, ఒప్పుకుంటాను.

నా టెన్షన్ వేరే. మా అత్తమ్మ నెలకోసారి ఏదో ఒక శనివారం తిరుమల కొండకు పోవాలంటుంది. బస్సెక్కితే వాంతులు. నా వెనక కూర్చుంటే మాత్రం గోవిందనామాలు చెప్పుకుంటా హాయిగా వస్తుంది. ఇద్దరం కలిసి 135 కిలోలు (ఆమె బరువు కూడా చెప్పేశానని ఆమెకు తెలియనివ్వకండి). షోరూంలో అబ్బాయిని అడిగితే "సూపర్‌గా ఎక్కుతుంది మేడమ్" అన్నాడు. నువ్వెప్పుడైనా ఎక్కావా నాయనా అంటే నవ్వి ఊరుకున్నాడు.

ఇంకోటి, మాది అద్దె ఇల్లు, రెండో అంతస్తు. కింద బండ్లు పెట్టే చోట ప్లగ్ లేదు. కిటికీలోంచి వైరు వేలాడదీస్తే సరిపోతుందా? వాడుతున్నవాళ్ళే చెప్పండి. వీడియోలు బోలెడు చూశాను, అన్నీ బెంగళూరు ఫ్లైఓవర్ల మీదే తిరుగుతున్నాయి.

కపిలతీర్థం రోడ్డు:

అక్కా, ఎక్కుతుంది. నేను పదిహేను సార్లకు పైనే ఎక్కాను. నాది 2023 మే నెలాఖరులో కొన్న బండి. జూన్ 1 నుంచి కేంద్రం సబ్సిడీని బ్యాటరీ సైజును బట్టి కిలోవాట్ అవర్‌కు 15,000 నుంచి 10,000కు దించుతోందని జనం షోరూంల మీద పడ్డ రోజులవి. 2024 ఏప్రిల్‌లో అది 5,000కు వచ్చింది. కాబట్టి ఆ డబ్బు చూసుకుని బండి కొనొద్దు.

బ్యాటరీ 2.9 కిలోవాట్ అవర్, అంటే నిండా ఎక్కితే దగ్గర దగ్గర మూడు యూనిట్ల కరెంటు. పోయిన నెల నేనూ మా ఆవిడా వెళ్ళాం. అలిపిరి చెకింగ్ దగ్గర 96 శాతం చూపించింది, పైన ఆపేసరికి 58. చదును రోడ్డు మీద అంత దూరానికి 16 శాతం పోతుంది. మిగతాదంతా ఎత్తు తినింది. బండీ మనుషులూ కలిపి 250 కిలోల బరువును సుమారు ముప్పావు కిలోమీటరు పైకి లేపాలి కదా, దానికే అర యూనిట్ కావాలి. మోటారులో వేడిగా పోయేది అదనం. దిగేటప్పుడు బ్రేకు పట్టినప్పుడల్లా మోటారే బండిని ఆపుతూ కరెంటు పుట్టిస్తుంది, అది కొంచెం కొంచెం బ్యాటరీలోకి తిరిగొస్తుంది. కింద చూస్తే 62 ఉంది. అంటే ఆ రోజు ఇంకోసారి పైకి పోయి రావచ్చు, అత్తమ్మకు ఓపికుంటే.

నువ్వు భయపడాల్సింది ఛార్జింగ్‌కు కాదు, వేడికి. మొదటి ఎండాకాలం తెలియక మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరాను. సగం దాటాక మీటర్లో ఎర్ర గుర్తు వెలిగి బండి ఎద్దుబండి అయిపోయింది. చక్రంలోనే మోటారు ఉండే బండ్లకు ఏకబిగిన ఎక్కుడు ఉంటే వేడి బయటికి పోదు, కాలిపోకుండా తనే పవర్ తగ్గించేసుకుంటుంది. గోడ పక్కన పది నిమిషాలు ఆగాం. ఆ పది నిమిషాల్లో ఒక కోతి వచ్చి సంచిలోంచి అరటిపళ్ళు హస్తం మొత్తం పట్టుకుపోయింది. అప్పట్నుంచి పొద్దున ఏడు లోపలే అలిపిరి దాటేస్తాను, మళ్ళీ ఆ గుర్తు కనబడలేదు. మోటారు విడిగా ఉండి బెల్టుతో చక్రం తిప్పే రకం ఘాట్‌కు కొంచెం నయం. ఎకో మోడ్‌లో మాత్రం ఎక్కొద్దు, మలుపుల దగ్గర గుంజలేదు.

ఒక్క జాగ్రత్త. ఎప్పుడైనా పైన ఛార్జింగ్ పెట్టే వీలు దొరికినా 100 చేయొద్దు. నిండిన బ్యాటరీలోకి ఇంక కరెంటు పోదు, దాంతో ఆ మోటారు బ్రేకు పనిచేయదు. పాత ఘాట్ మొత్తం చేతి బ్రేకుల మీదే దిగాలి.

బైరాగిపట్టెడ వైర్‌మ్యాన్:

మేడమ్, కిటికీలోంచి వైరు మాటే వద్దు. ఛార్జరు 750 వాట్లు అనుకుంటే లాగేది మూడున్నర ఆంపియర్లు కూడా ఉండదు, ఇస్త్రీపెట్టె అంత కాదు. కానీ ఇస్త్రీపెట్టె వాడేది పది నిమిషాలు, ఇది నాలుగైదు గంటలు. సన్న వైరు, వదులు ప్లగ్ అయితే ముందు కరిగేది అక్కడే. పోయిన వానాకాలం ఒక ఇంటికి పిలిస్తే పోయాను. ఎక్స్‌టెన్షన్ బోర్డు సన్‌షేడ్ మీద తడుస్తోంది, దాని కిందనే పిల్లలు ఆడుకుంటున్నారు.

ఓనరుతో మాట్లాడి కింద 16 ఆంప్స్ పాయింట్ పెట్టించుకోండి. దానికి సబ్ మీటరు వేస్తే ఆయనకూ గొడవ ఉండదు. ఎర్తింగ్ తప్పకుండా చూపించండి. పాత ఇళ్ళల్లో మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు. ఈ ఛార్జర్లలో చాలావాటికి ఎర్తు లేకపోతే ఎర్ర లైటే. బ్యాటరీ చెడిపోయిందని జనం బండి తోసుకుంటా షోరూంకు పోతారు. గుంత తీసి ఉప్పు, బొగ్గు వేసి ఎర్తు కట్టిస్తే ఇల్లంతటికీ మంచిదే.

బిల్లు సంగతి. మీకు నెలకు పాతిక యూనిట్లు పడతాయి. ఇంటి మీటర్లో 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, 225 దాటితే 400 దాకా 8.75, సర్దుబాటు ఛార్జీలు వేరే. ఏసీ వాడే నెలల్లో ఈ పాతికా పై శ్లాబులోనే పడతాయి. పడినా 220 రూపాయలు. పెట్రోలుకు ఎంత అవుతోందో మీకే తెలుసు.

గుడిపాల పాలక్యాను:

చెల్లెమ్మా, తక్కువ ధర బండి జోలికి పోవద్దు. 2021లో నేను లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అంటే ఆశపడి కొన్నాను. అవి 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు మించకూడని బండ్లు, అందుకే ఆ మినహాయింపు. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీలు. రెండు పాలక్యాన్లు తగిలించి మా చెరువుకట్ట ఎక్కాలంటే రెండు కాళ్ళూ నేలకు తన్ని తోసుకోవాలి, వెనకాల పిల్లోళ్ళు ఒకటే నవ్వు. 60 కిలోమీటర్లు వచ్చేది ఏడాదిన్నరకు 25కు దిగింది. అమ్మినోడి కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది. సీసం తూకానికి పోయింది, అదొక్కటే గిట్టుబాటు.

ఇప్పుడు లిథియం బండి తెచ్చాను, ఫర్లేదు. 2022లో బండ్లు తగలబడ్డాక బ్యాటరీ టెస్టులు గట్టి చేశారు, ఏఐఎస్ 156 అంటారు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైనదో కాదో అడుగు. ఎండలో తిరిగొచ్చి వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దు, అరగంట చల్లారనియ్యి.

లెక్కల మాస్టారు:

అంతా బాగుంది గానీ ఈ కరెంటు ఎక్కడ్నుంచి వస్తోంది స్వామీ? ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ థర్మల్ ప్లాంటులో బొగ్గు మండిస్తేనే కదా. పొగ లీలామహల్ సెంటర్లో కాకుండా కడప జిల్లాలో వస్తుంది, అంతే.

కపిలతీర్థం రోడ్డు:

మాస్టారూ, మీ పేరుకు తగ్గట్టు లెక్కే వేద్దాం. అక్క రోజూ తిరిగే 30 కిలోమీటర్లకు ఒక యూనిట్. మన దేశంలో సగటున యూనిట్‌కు 700 గ్రాముల పైన కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అదే దూరానికి పెట్రోలు 650 మిల్లీలీటర్ల పైనే కావాలి, లీటరుకు 2.3 కిలోల లెక్కన కిలోన్నర. బొగ్గుతో కలిపి లెక్కేసినా సగమే. పైగా ముద్దనూరు చిమ్నీ ఆకాశంలో ఉంటుంది. లీలామహల్ సిగ్నల్ దగ్గర సైలెన్సర్ మాత్రం వెనక బండి మీద కూర్చున్న పిల్ల ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ కరెంటు బస్సులు కొండెక్కుతున్నాయి, వాటి వెనక వెళ్తే తేడా ముక్కుకే తెలుస్తుంది.

అయితే పాత బండి బాగా నడుస్తుంటే మార్చమని నేనూ చెప్పను. కొత్త బ్యాటరీ తయారీకీ ఖర్చయ్యేది ఉంటుంది. అక్క బండి ఎటూ స్టార్ట్ కావడం లేదు కదా.

కొర్లగుంట టీచరమ్మ:

అందరికీ థాంక్స్. ఓనరు పాయింట్‌కు ఒప్పుకున్నారు, సబ్ మీటరు ఖర్చు మాదేనట. వైర్‌మ్యాన్ అన్నా, చెప్పినట్టే మూడో రంధ్రం వెనక ఏమీ లేదు, విప్పి చూస్తే బల్లి గుడ్లు ఉన్నాయి.

టెస్ట్ రైడ్ ఘాట్ మీదికి ఇవ్వరంట, అలిపిరి దాకానే. కపిలతీర్థం తమ్ముడూ, ఈ శనివారం పొద్దున ఆరున్నరకు నీ బండి ఒక పూట ఇవ్వగలవా? అరటిపళ్ళు తీసుకురాము.