వరి చీడపీడల ఆంటాలజీకి ఏ పద్ధతి తగినది?

ప్రశ్న:
వరి చీడపీడలపై సలహాలిచ్చే సమాచార వ్యవస్థ కోసం ఒక ఆంటాలజీని, అంటే ఆ రంగంలోని భావనలను, వాటి మధ్య సంబంధాలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా నిర్వచించే నమూనాను, నిర్మిస్తున్నాను. నోయ్, మెక్‌గినెస్ 2001లో స్టాన్‌ఫర్డ్ నుంచి వెలువరించిన ఏడు దశల మార్గదర్శిని, 1997 నాటి మాడ్రిడ్ పరిశోధకుల మెథాంటాలజీ, ఆ తరువాత వచ్చిన నియాన్, ఈ మూడు ఆంటాలజీ నిర్మాణ పద్ధతులనూ చదివాను. వీటిలో ఒకదానిని ఎంచుకొని, ఎందుకు ఎంచుకున్నానో సిద్ధాంత గ్రంథంలో సమర్థించుకోవాలి. పోలికకు ఏ కొలమానాలు పెట్టుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
ఈ మూడూ ఒకే పనికి పోటీపడేవి కావండి. ఏడు దశల మార్గదర్శిని తరగతులను (ఒకే రకానికి చెందినవాటి సమూహాలను), వాటి ధర్మాలను నిర్వచించడం వరకు చేయి పట్టుకొని నడిపిస్తుంది. నిర్వహణ గురించి మాత్రం పెద్దగా మాట్లాడదు. మెథాంటాలజీ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ నుంచి, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్ తయారీ ప్రక్రియలకు సంబంధించిన ఐఇఇఇ 1074 ప్రమాణం నుంచి ప్రేరణ పొందింది. పదకోశాన్ని, భావనల వర్గీకరణను, సంబంధాల పటాన్ని కంప్యూటర్ భాషలోకి దిగకముందే తయారు చేయిస్తుంది కనుక, కోడ్ తెలియని కీటక శాస్త్రవేత్త కూడా వాటిని చదివి తప్పులు పట్టగలరు. నియాన్ తొమ్మిది సందర్భాలను గుర్తిస్తుంది; ఉన్న వనరులను తిరిగి వాడుకోవడం, వేరే భాషలోకి తేవడం కూడా వాటిలో ఉన్నాయి. తెలుగు పదాలు కూడా ఉన్న ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వారి అగ్రోవాక్ పదకోశం నుంచి మొదలుపెడితే మీకు నియానే దగ్గరి దారి.

జవాబు 2:
పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తున్నాను. అగ్రోవాక్ పదకోశమే గాని ఆంటాలజీ కాదు. అందులోని విస్తృత పదం, సంకుచిత పదం అనే సంబంధాన్ని నేరుగా తరగతి, ఉపతరగతిగా మార్చకూడదు. తరగతి, ఉపతరగతి సంబంధాలు సరైనవో కావో తేల్చే గ్వారినో, వెల్టీల ఆంటోక్లీన్ పరీక్ష ఇక్కడే అక్కరకు వస్తుంది. సుడిదోమ అనే పురుగు ఎక్కడున్నా సుడిదోమే; చీడ అన్నది పంటను బట్టి దానికి దక్కే పాత్ర. అడవి వరి మీద బతికే సుడిదోమ మనకు చీడ కాదు. కాబట్టి సుడిదోమను చీడకు ఉపతరగతి చేయడం తప్పు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. నేను సరిగ్గా అదే తప్పు చేశాను. పైగా దోమపోటు అనే నష్టాన్నీ, సుడిదోమ అనే పురుగునూ ఒకే తరగతిలో పెట్టాను. అయినా పద్ధతుల ఎంపిక ఇంకా తేలలేదు.

జవాబు 3:
టొరంటోకు చెందిన గ్రూనింగర్, ఫాక్స్ 1995లో ప్రతిపాదించిన కాంపిటెన్సీ ప్రశ్నలతో, అంటే ఆంటాలజీ జవాబు ఇవ్వగలగాల్సిన ప్రశ్నలతో, తేల్చుకోండి. ఏడు దశల మార్గదర్శినిలోనూ అవి మొదటి దశలోనే ఉన్నాయి, చాలామంది దాటేస్తారంతే. "పిలక దశలో మొవ్వు ఎండిపోతే కారణమేమిటి?" వంటి ఇరవై ప్రశ్నలు రాసుకొని, ప్రతి పద్ధతిలోనూ కాండం తొలిచే పురుగు భాగాన్ని మాత్రమే నిర్మించి చూడండి. ఎన్ని ప్రశ్నలకు జవాబు వచ్చిందో, ఎన్ని పనిగంటలు పట్టాయో, ఎంత పునర్వినియోగం జరిగిందో పట్టికలో చూపితే, మీ సమర్థనకు అదే ఆధారమవుతుంది. ఒకే వ్యక్తి మూడుసార్లు కట్టినప్పుడు మూడోసారి పని తేలికవుతుందన్న లోపాన్ని కూడా గ్రంథంలో ప్రస్తావించండి.