పెంజీకటిలో 'వల' ఉందా?

డార్క్ వెబ్ మీద హారర్ నవల రాస్తున్నాను. మూడో అధ్యాయం మొదట్లో పెట్టాలని ఒక పద్యపాదం నెల రోజులుగా నన్ను వెంటాడుతోంది, 'పెంజీకటి... వల నెవ్వం...' అన్న ముక్క తప్ప మిగతాది గుర్తు రావడం లేదు. అందులో 'వల' ఉంటే డార్క్ వెబ్‌కి మంచి తెలుగు పేరు దొరికినట్టే. పెంజీకటివల, అంటే పెనుచీకటి వల. చెల్లుతుందా?

— గజేంద్ర మోక్షం అన్నా. "లోకంబులు లోకేశులు / లోకస్థులుఁ దెగినఁ దుది నలోకంబగు పెం / జీకటి కవ్వల నెవ్వం / డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్". పెంజీకటికి + అవ్వల, 'కి'లో ఇకారం పోయింది. వల లేదు, ఆవల ఉంది.

— వల సంగతి సరే, అసలు చిక్కు 'అలోకం'లో ఉంది. అందరూ లోకం లేని స్థితి అంటారు, నాకు మాత్రం అది వెలుగు లేకపోవడం అనిపిస్తుంది. ఆలోకం అంటే వెలుగు, చూపు కదా. అసలు పాఠం 'నాలోకంబగు' అయి ఉంటుందేమో?

— దీర్ఘం పెడితే కందం నిలవదండీ. రెండో పాదం విడదీయండి: లోకస్, థులుఁదెగి, నఁదుదిన, లోకం, బగుపెం. మొదటి పాదంలోని మూడు గణాలతో కలిపి లెక్కిస్తే ఆరో గణం 'నఁదుదిన', అది నలం, అంటే నాలుగు లఘువులు. అక్కడ 'నా' పడితే నాలుగుకు బదులు ఐదు మాత్రలవుతాయి. పైగా వెలుగు పెంజీకటి ఎలా అవుతుంది?

— దీర్ఘం వదిలేస్తాను, అర్థం వదలను. 'లోకృ' ధాతువుకే చూడటం అని అర్థం, కాబట్టి అలోకం కంటికి అందనిది కూడా. సంస్కృత మూలంలో "తమస్తదాసీద్గహనం గభీరం" అని చీకటే ఉంది, అలోకం పోతన చేర్చుకున్న మాట. ఊరికే చేర్చడు.

— లోకం మూడుసార్లు వచ్చాక నాలుగోసారి అలోకం అన్నాడంటే లోకం కానిదనేగా మాస్టారూ!

— చూపుకి అందనిది అనుకుంటే నవలకి రెండు మాటలు దొరుకుతాయి. సెర్చ్ ఇంజిన్‌లో వెతికితే దొరకని మామూలు పేజీలు, మన మెయిలూ బ్యాంకు ఖాతా పేజీలూ, అవన్నీ డీప్ వెబ్, అంటే అలోకం. టార్ లాంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఉంటేనే తెరుచుకునే చిన్న భాగం డార్క్ వెబ్, అది పెంజీకటి. చాలా కథల్లో ఈ రెండూ కలిపేస్తారు. ఇంకో మాట తమ్ముడూ, డబ్బు కడితే హత్య లైవ్‌లో చూపించే గదులని పుకార్లున్నాయి కదా, అవి నిజమని ఎవరూ రుజువు చేయలేదు. కనీసం మూడు రిలేల (మధ్యవర్తి కంప్యూటర్ల) గుండా తిరిగి వచ్చే టార్ లైవ్ వీడియోకి బాగా నెమ్మది కూడా. నిజంగా భయపెట్టేది అవతల కూర్చున్నవాడు ఎవడో తెలియకపోవడం. అమ్మేవాడా, మోసగాడా, కాచుకున్న పోలీసా? 2013లో సిల్క్ రోడ్ అనే డార్క్ వెబ్ మత్తుమందుల సంత మూతపడటానికి ముందు రహస్య పోలీసులు దాని లోపలే పనిచేశారు.

— అయితే మీకు కావలసిన పాదం ఇది కాదు, "కలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో". కాలు మొసలి నోట్లో ఉండగా అడిగిన ప్రశ్న అది. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

— 'గలఁడో లేఁడో' కదా? ప్రథమా విభక్తి మాట 'వాఁడు' మీద పరుషం 'క' వచ్చింది, అది 'గ' అవ్వాలి.

— అది బహుళం అక్కా, అంటే ప్రతిచోటా జరిగి తీరాలని లేదు, 'కలఁడో' అన్నా తప్పు కాదు. నేను నేర్చుకున్నది 'క'తోనే.

— పెంజీకటివల చెల్లుతుందా లేదా ఎవరైనా చెప్పండి, అధ్యాయం అక్కడే ఆగిపోయింది.

— చెల్లుతుంది. కానీ ముందు ఆ 'గ' సంగతి తేలనివ్వండి.