క్యాల్క్యులస్‌లో డబ్ల్యూ పడితే యూసీ ట్రాన్స్‌ఫర్‌కి ఇబ్బందా?

మిల్పిటాస్_నాన్న: మా బిడ్డ చదివేది కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో, కంప్యూటర్ సైన్స్. వచ్చే ఫాల్‌కి యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) ట్రాన్స్‌ఫర్ అనుకుంటున్నాం. ఈ సెమిస్టర్ క్యాల్క్యులస్ 1లో సీ వచ్చేలా ఉంది. డ్రాప్ చేయించి డబ్ల్యూ (కోర్సు మధ్యలో మానేసినట్టు ట్రాన్‌స్క్రిప్ట్‌లో పడే గుర్తు) తీసుకోవాలా, ఉంచాలా?

బే_ఏరియా_బాబాయ్: డబ్ల్యూ జీపీఏలో కలవదు. ఒకటి ఉంటే అడ్మిషన్ ఆగిపోదు, ప్రతి టర్మ్‌లోనూ కనిపిస్తేనే అనుమానంగా చూస్తారు. అసలు దెబ్బ వేరే చోట. క్యాల్క్ 1 లేకుండా క్యాల్క్ 2 ఇవ్వరు, మెకానిక్స్ ఫిజిక్స్‌కీ చాలా చోట్ల అదే అడ్డం. మేజర్ ప్రిపరేషన్, అంటే ఆ మేజర్‌కి ముందే చేసి ఉండాల్సిన కోర్సులు, స్ప్రింగ్ చివరికల్లా అయిపోవాలి, చాలా క్యాంపస్‌లు సమ్మర్‌ని లెక్కలోకి తీసుకోవు. కాబట్టి ఇప్పుడు డ్రాప్ చేస్తే పోయేది ఒక్క కోర్సు కాదు, ట్రాన్స్‌ఫర్ ఏడాది వెనక్కి పోవచ్చు. ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో చెల్లుతుందో చూపే అసిస్ట్ డాట్ ఆర్గ్ సైట్‌లో మీ కాలేజీ, ఆ క్యాంపస్, ఆ మేజర్ పెట్టి ఏవి తప్పనిసరో చూడండి. తర్వాతే డ్రాప్ బటన్.

లెక్కల_మాస్టారు: సీ గురించి ఒక మెలిక. సీ గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆ కోర్సు మళ్లీ చేసి గ్రేడ్ మార్చుకోవడం కుదరదు, ఆ సీ అలాగే ఉండిపోతుంది. డీ, ఎఫ్ అయితే రిపీట్ చేయొచ్చు. పోటీ ఎక్కువున్న సీఎస్‌లో మ్యాథ్స్ సీ బరువే. అదే సెమిస్టర్‌లో ఆలస్యంగా మొదలయ్యే సెక్షన్‌గానీ, పక్క కాలేజీలో వింటర్ సెషన్‌గానీ దొరికితే డబ్ల్యూ తీసుకుని అందులో చేరడం నయం. దొరక్కపోతే ఉంచి గట్టిగా చదవడమే. అన్నట్టు, డబ్ల్యూ కూడా ఒక ప్రయత్నం కిందే లెక్క. ఒకే కోర్సుకి సాధారణంగా మూడుసార్లే అవకాశం.

బే_ఏరియా_బాబాయ్: తేదీలు కూడా చూసుకోండి. సెమిస్టర్‌లో సుమారు మొదటి రెండు వారాల్లో తీసేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఏమీ పడదు. ఆ తర్వాత టర్మ్‌లో 75 శాతం దాటేదాకా డబ్ల్యూ. అదీ దాటితే గ్రేడే.

సాక్రమెంటో_సుధ: అప్లికేషన్‌లో డబ్ల్యూలు దాచొద్దు, అన్ని కోర్సులూ రాయాల్సిందే. ఫాల్ గ్రేడ్లు జనవరిలో ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్‌ అనే యూసీ ఫారంలో పెడతారు. స్ప్రింగ్‌లో చేస్తామని రాసిన కోర్సు తీసేస్తే వెంటనే క్యాంపస్ అడ్మిషన్స్‌కి చెప్పాలి. ఊరుకుంటే వచ్చిన సీటే రద్దు కావచ్చు, ఎక్కువమంది ఇక్కడే మునుగుతారు. జబ్బు, ఇంట్లో మరణం లాంటి కారణం ఉండి కాగితాలు చూపగలిగితే ఈడబ్ల్యూ (తప్పని కారణానికి ఇచ్చే ప్రత్యేక డబ్ల్యూ) అడగండి. అది ప్రయత్నాల లెక్కలోకి రాదు.

ఎఫ్1_అన్న: వీసా మీద ఉన్న పిల్లలకి ఇదంతా తర్వాత సంగతి. 12 యూనిట్ల కంటే తగ్గితే స్టేటస్ పోతుంది. డీఎస్‌వో (కాలేజీలో వీసా విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) ముందుగా సెవిస్‌లో (ప్రభుత్వ విద్యార్థి వీసా రికార్డు) అనుమతి నమోదు చేశాకే డ్రాప్ చెయ్యాలి. చదువు ఇబ్బంది కారణంగా ఇచ్చే అనుమతి ఒక డిగ్రీ స్థాయికి ఒక్కసారే, అప్పుడు కూడా కనీసం 6 యూనిట్లు ఉండాలి. మార్కులు తగ్గుతాయన్న భయం ఒక్కటే చెబితే ఇవ్వరు.

సాక్రమెంటో_సుధ: ఫెడరల్ ఎయిడ్ తీసుకునేవాళ్లు ఇంకొకటి చూసుకోండి: చేరిన యూనిట్లలో సుమారు 67 శాతం పూర్తి చేయాలి. డబ్ల్యూ అక్కడ పూర్తికాని యూనిట్ల కిందికే వస్తుంది.