జాయినింగ్ 15,000, జతకి 1,500: ఈ బైనరీ ప్లాన్‌లో పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

గోదారిగట్టు అడిగారు:

ఒక ఎమ్మెల్ఎమ్ (మల్టీ లెవెల్ మార్కెటింగ్, అంటే మనం చేర్చినవాళ్ల మీద, వాళ్లు చేర్చినవాళ్ల మీద కమిషన్ ఇచ్చే గొలుసు) ప్లాన్ పీడీఎఫ్ చేతికొచ్చింది. లెక్క తెలిసినవాళ్లు విడదీసి చెప్తారని ఇక్కడ పెడుతున్నాను.

15,000 కట్టి ఐడీ, అంటే సభ్యత్వం నంబరు, తీసుకోవాలి. బదులుగా హెల్త్ ప్రొడక్టుల కిట్ ఇస్తారు, దానికి 100 పీవీ (పాయింట్లు). మన కింద ఎడమ, కుడి రెండే లెగ్స్ (శాఖలు), అందుకే బైనరీ. అటు 100, ఇటు 100 పీవీ పడితే ఒక జత, జతకి 1,500. మొదటి జతకి మాత్రం 2:1, అంటే ఒక పక్క ఇద్దరు, రెండో పక్క ఒకరు ఉండాలి. రోజుకి 10 జతలు క్యాపింగ్ (గరిష్ఠ పరిమితి), పైన వచ్చినవి ఫ్లష్, అంటే లెక్కలోకి రావు. అడ్మిన్ చార్జీ 10 శాతం. ఐడీ యాక్టివ్‌గా ఉండాలంటే నెలనెలా 2,000 రీపర్చేజ్ చేయాలి, అంటే మళ్లీ సరుకు కొనాలి.

"ఇద్దరిని పెట్టు చాలు, మిగతాది టీమ్ చూసుకుంటుంది, పైనుంచి స్పిల్ ఓవర్ కూడా వస్తుంది" అంటున్నారు. స్పిల్ ఓవర్ అంటే పైవాళ్లు చేర్చినవాళ్లు మన కిందకి రావడమట. జీఎస్టీ నంబరు, కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించారు. అసలు రాబట్టుకోవాలంటే కింద ఎంతమంది ఉండాలి? చట్టం ఏమంటోంది? చేరాక వద్దనుకుంటే డబ్బు వెనక్కి వస్తుందా?

లెక్కలపుస్తకం:

మీ అంకెలతోనే వేద్దాం. 1,500లో అడ్మిన్ చార్జీ పోతే చేతికొచ్చేది 1,350. 15,000 రావాలంటే 12 జతలు పడాలి.

ఒక్కొక్కరి కింద ఇద్దరేసి చేరే ఈ చెట్టు ఎక్కడా ఖాళీ లేకుండా నిండుతుందనుకుందాం. నిజానికి ఎప్పుడూ అలా నిండదు, అయినా ప్లాన్‌కి అనుకూలంగానే లెక్కేద్దాం. మీ కింద 3 వరసలు నిండితే ఎడమ 7, కుడి 7. మొదటిది 2:1 కాబట్టి 6 జతలే, 8,100 వస్తాయి. నాలుగో వరస కూడా నిండితే అటు 15, ఇటు 15, అంటే 14 జతలు, 18,900. వరసలు నిండే లెక్కన కింద 30 మంది కడితే తప్ప మీ అసలు మీకు రాదు. "ఇద్దరిని పెట్టు చాలు" అన్నదాని అసలు అర్థం ఇదీ.

ఇప్పుడు ఆ 31 మందినీ కలిపి చూడండి. కట్టింది 4,65,000. మీకు 14 జతలు, మీ కింది ఇద్దరికీ ఆరేసి, వాళ్ల కింది నలుగురికీ రెండేసి. ఆ కింది 8 మందికి చెరో పక్క ఒక్కొక్కరే ఉన్నారు కాబట్టి 2:1 కుదరక సున్నా. చివరి 16 మందికి ఎలాగూ సున్నా. మొత్తం 34 జతలు, పంచింది 45,900. వసూలైన దాంట్లో పదో వంతు కూడా లేదు. స్టేజీ మీద చెక్కు పట్టుకుని ఫొటో దిగేది ఆ 18,900 తీసుకున్న ఒక్కడే.

ఇలాంటి చెట్టులో చివరి వరసలోనే మొత్తం జనంలో సగం మంది ఉంటారు, కింది నాలుగు వరసలు కలిపితే 16లో 15 వంతులు. కాబట్టి జాయినింగులు ఏ రోజు ఆగినా ప్రతి 16 మందిలో సుమారు 15 మంది అసలు రాకుండానే మిగులుతారు. ఆర్నెల్ల రీపర్చేజ్ 12,000 కలిపితే పెట్టుబడి 27,000, కావలసినవి 20 జతలు. అప్పుడు కింద 5 వరసలు, 62 మంది ఉండాలి. నష్టపోయేది 32లో 31 మంది.

జనం దొరకరా అంటారేమో. రెండు రెండుగా పెరిగితే 25వ వరస ఒక్కదానికే 3.35 కోట్ల మంది కావాలి. 2011 జనగణనలో తెలంగాణ మొత్తం జనాభా 3.5 కోట్లు.

స్పిల్ ఓవర్ గురించి: పైవాళ్లు తమకి జోరుగా నడుస్తున్న పక్కలోనే (దాన్నే పవర్ లెగ్ అంటారు) జనాన్ని వరసగా దించుతారు, కాబట్టి మీకు వచ్చేవాళ్లంతా ఒకే పక్కన పడతారు. డబ్బు వచ్చేది బలహీనమైన లెగ్ లెక్కన. అటు 300 మంది, ఇటు ఇద్దరు ఉంటే మీకు 2 జతలే. రెండో లెగ్ మీ చుట్టాలతోనే నింపుకోవాలి.

కోర్టుహాలు:

చట్టం సంగతి. 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం ఉంది. కొత్త సభ్యులు చేరడం మీద ఆధారపడి తేలిగ్గా, త్వరగా డబ్బొస్తుందని ఆశ చూపే పథకం ఏదైనా దాని పరిధిలోకి రావచ్చు. ముఖ్యంగా చూడాల్సింది సెక్షన్ 3. నడిపేవాణ్ణే కాదు, సభ్యుడిగా చేరడాన్ని, పాల్గొనడాన్ని, అందుకోసం డబ్బు తీసుకోవడాన్ని, పంపడాన్ని కూడా అది నిషేధిస్తుంది. సెక్షన్ 4 కింద 3 ఏళ్ల దాకా జైలు, 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. "నేనూ మోసపోయినవాణ్ణే" అనే మాట, కింద పదిమందిని చేర్పించి కమిషన్ తీసుకున్నవాడికి అంత బలంగా పనిచేయదు.

మన దగ్గర దీని మీద పాత తీర్పే ఉంది. ఆమ్‌వే వేసిన కేసులో 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ కంపెనీ స్కీము ప్రాథమికంగా ఈ చట్టం పరిధిలోకే వస్తుందని చెప్పింది. 2022లో ఈడీ (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) అదే కంపెనీకి చెందిన 757.77 కోట్ల ఆస్తులను అటాచ్ చేసింది, అంటే జప్తులో పెట్టింది. వస్తువు నిజంగా ఉంది, కంపెనీ పెద్దది అన్నంత మాత్రాన ప్రశ్న తీరిపోదని దీన్నిబట్టి తెలుస్తుంది.

దుకాణం లేకుండా నేరుగా కొనేవాళ్లకి సరుకు అమ్మే డైరెక్ట్ సెల్లింగ్ అనే వ్యాపారానికి మాత్రం నిషేధం లేదు. 2021 డిసెంబరు 28న దానికి విడిగా నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం ఎంట్రీ ఫీజు, రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేయకూడదు. డెమో సరుకు ఖర్చు అమ్మేవాడి మీద వేయకూడదు. పిరమిడ్, మనీ సర్క్యులేషన్ పనికిరావు. మీ ప్లాన్‌లో 15,000 కట్టకుండా ఐడీ ఇస్తారేమో అడగండి. ఇవ్వకపోతే దానికి కిట్ అని పేరు పెట్టినా అది చేరే రుసుమే.

సర్టిఫికెట్ల మాట: కంపెనీ రిజిస్ట్రేషన్ అంటే ఆ పేరుతో ఒక సంస్థ పుట్టిందని, జీఎస్టీ నంబరు అంటే పన్ను కట్టడానికి నమోదైందని. ప్లాన్‌ని ఎవరో పరిశీలించి ఆమోదించారని ఏదీ చెప్పదు.

చిల్లరకొట్టు:

పై లెక్కలు సరే, కాదనను. కానీ సరుకు అమ్మకం మీద నాలుగు రూపాయలు మిగుల్చుకునే వాళ్లూ ఉంటారు, ఆ సంగతీ రావాలి. ఎమ్మార్పీ మీద 20 శాతం మార్జిన్ ఉండి, నెలకి 20,000 సరుకు అమ్మితే 4,000. అందులోంచి పెట్రోలు, శాంపిళ్లు, ఉద్దెర పెట్టి మొహం చాటేసిన వాళ్ల బాకీలు, డేటు అయిపోయిన డబ్బాలు తీసేయాలి. మిగిలింది మీ కూలి. చిన్నదే అయినా అది నికరం, ఎవడి మెడకూ చుట్టుకోదు.

ఆ అమ్మకం జరగాలంటే బయటివాడు ఐడీ లేకుండా అదే ధరకి కొనాలి. కిట్‌లో ప్రొటీన్ డబ్బా ఉందా? వెనక లేబుల్ చదవండి. 500 గ్రాముల డబ్బా 2,400 అనుకోండి, 100 గ్రాముల్లో 30 గ్రాములు ప్రొటీన్ అని రాశారనుకోండి. అంటే డబ్బా మొత్తంలో 150 గ్రాములు, గ్రాము 16 రూపాయలు. కేజీ కందిపప్పులో సుమారు 220 గ్రాములుంటుంది, గ్రాము ఎంత పడుతుందో మీరే వేసుకోండి. మెడికల్ షాపులో దొరికే ఇంకో బ్రాండు డబ్బాకీ ఇదే లెక్క వేయండి. మీ డబ్బా రెండు మూడింతలు తేలితే దాన్ని కమిషన్ ఆశ ఉన్నవాడే కొంటాడు. పక్కింటి పిన్నిగారు ఒకసారి మొహమాటానికి తీసుకుంటారు, రెండోసారి తలుపు తీయరు.

గోదారిగట్టు:

లెక్క స్పష్టంగా అర్థమైంది. ఇంకొక్కటి. ఈ ప్లాన్‌లో ఇప్పటికే కట్టేసినవాళ్లు, అదీ కంపెనీ ఖాతాకి కాకుండా అప్‌లైన్ (తమని చేర్చిన పైవాడి) సొంత యూపీఐకి పంపినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఏం చేయాలి?

రసీదుంటేనే:

ముందు కిట్ సీలు విప్పొద్దు, రీపర్చేజ్ ఆపేయండి, ఇంకెవర్నీ చేర్చొద్దు. ఒప్పందం కాగితంలో కూలింగ్ ఆఫ్ గడువు ఎన్నాళ్లో చూసుకోండి. ఆ గడువులోపు ఏ పెనాల్టీ లేకుండా వదులుకోవచ్చు. ఒప్పందమే ఇవ్వకపోతే అదే మొదటి ఫిర్యాదు, ఎందుకంటే రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి.

రద్దు సంగతి అప్‌లైన్‌కి వాట్సాప్‌లో చెప్పి ఊరుకుంటే చెప్పనట్టే. "రేపు మాట్లాడదాం తమ్ముడూ" అంటూ గడువు దాటించేస్తారు. కంపెనీ వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారి వివరాలు ఉండాలి. ఆ చిరునామాకి మెయిలు పెట్టి, అదే కాపీ రిజిస్టర్డ్ ఆఫీసుకి స్పీడ్ పోస్టులో పంపండి. ఐడీ నంబరు, కట్టిన తేదీ, ఇన్వాయిస్ నంబరు, రద్దు చేస్తున్నానన్న ఒక్క వాక్యం, డబ్బు పడాల్సిన ఖాతా వివరాలు చాలు. 48 పనిగంటల్లో అందినట్టు చెప్పాలి, మామూలుగా నెలలోపు తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించండి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు లేదు.

అప్‌లైన్ సొంత ఖాతాకి పంపినవాళ్లకి ఇబ్బంది ఎక్కువ. కంపెనీ "మాకు అందలేదు" అంటుంది, అప్‌లైన్ "నేను పైకి పంపేశా" అంటాడు. అందుకే యూపీఐ లావాదేవీ నంబరు, ఆ డబ్బు ఐడీ కోసమేనని తెలిసే చాట్, ఐడీ యాక్టివేట్ అయిన తేదీ మూడూ ఒకచోట పెట్టుకోండి. అసలు ఐడీయే పుట్టలేదంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఖాతాలో డబ్బు ఆపే అవకాశం మొదటి కొన్ని గంటల్లోనే ఉంటుంది.

ప్లాన్ పీడీఎఫ్, జూమ్ మీటింగులో ఇంత ఆదాయం వస్తుందని చెప్పిన స్లైడ్ల స్క్రీన్‌షాట్లు ఇప్పుడే దాచుకోండి. ఫిర్యాదు వెళ్లిన మర్నాడే గ్రూపులోంచి తీసేస్తారు, మెసేజ్‌లు డిలీట్ చేస్తారు.

లెక్కలపుస్తకం:

కమిషన్ తీసుకున్నవాళ్లకి ఒక మాట. టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) కోశామంటే, మీ పేర జమైన పన్ను చూపించే ఫారం 26ఏఎస్‌లో కనబడుతుందో లేదో చూడండి. 2024 అక్టోబరు నుంచి కమిషన్ మీద రేటు 2 శాతం, పాన్ ఇవ్వకపోతే 20. అక్కడ కనబడకపోతే కోసింది కట్టలేదేమో అడగండి, కట్టకపోతే అది విడిగా ఇంకో ఫిర్యాదు. కనబడితే, మీకు పడే పన్నుకంటే ఎక్కువ కోసినంత మేరకు రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. అడ్మిన్ చార్జీ మాత్రం ఎటూ రాదు.