ఫార్మాట్ చేయమని అడుగుతున్న హార్డ్ డిస్క్ నుంచి ఫైళ్లు వెనక్కి తెచ్చుకోవడం ఎలా?

సెలయేరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇంట్లో వాడుకునే డెస్క్‌టాప్ కంప్యూటర్ మూడు రోజుల క్రితం పని మధ్యలో బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ వేస్తే నీలి తెర కనిపించింది, ఆ తరువాత విండోస్ తనను తాను మరమ్మతు చేసుకుంటున్నానని చెప్పి చివరికి మళ్ళీ ఆ నీలి తెర దగ్గరికే వచ్చింది. రెండోసారి వేసినప్పుడు డిస్కు తనిఖీ దానంతట అదే మొదలై, పదకొండు శాతం దగ్గర నాలుగు గంటలపాటు కదలకుండా ఉండిపోవడంతో ఓపిక నశించి కరెంటు తీసేశాను.

అందులో ఉన్నది విండోస్ 10. డిస్కు ఒక టెరాబైట్ పరిమాణం గల మామూలు హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీ కాదు. సీ, డీ అని రెండు భాగాలున్నాయి. నిన్న దాన్ని బయటకు తీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి చూశాను. సీ తెరుచుకుంటోంది గాని, నా పేరుతో ఉన్న ఫోల్డర్ మీద నొక్కితే అనుమతి లేదని చెప్పి, కొనసాగించాలా అని అడుగుతోంది. డీ మీద నొక్కితే ముందు ఫార్మాట్ చేయాలంటోంది. రెండు చోట్లా రద్దు చేసి బయటకు వచ్చేశాను. డిస్కులోంచి వింత శబ్దాలేమీ రావడం లేదు.

డీలో పన్నెండేళ్ల ఫోటోలున్నాయి. వాటిలో సగం వరకు బంధువుల దగ్గర దొరకవచ్చు. నా దిగులంతా సీలో ఉన్న ఒక వర్డ్ ఫైలు గురించే. అమ్మ చెబుతుండగా రెండేళ్లపాటు నేను టైపు చేసిన ఆమె జ్ఞాపకాలు అందులో ఉన్నాయి, దానికి మరో ప్రతి ఎక్కడా లేదు. ఇప్పుడు నేను ఏం చేయాలి, ముఖ్యంగా ఏం చేయకూడదు?

పాతయంత్రం

సెలయేరు గారూ, రెండు చోట్లా రద్దు నొక్కడం మీరు చేసిన మంచి పని. ముందుగా ఆ డిస్కును ల్యాప్‌టాప్ నుంచి తీసి పక్కన పెట్టండి. ఊరికే తగిలించి ఉంచినా విండోస్ దాని మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. సీలో ఆ అనుమతి ప్రశ్నకు సరేనని ఉంటే, ఆ ఫోల్డర్‌లోని ప్రతి ఫైలుకూ యాజమాన్య వివరాలను కొత్తగా రాయడం మొదలుపెట్టి ఉండేది. ఆరోగ్యంగా ఉన్న డిస్కు మీద అది చిన్న విషయమే కాని, నాలుగు గంటలు ఒకే చోట ఆగిపోయిన డిస్కును ఆరోగ్యంగా ఉందని నేను అనుకోను.

డీ ఫార్మాట్ అడుగుతోందంటే అది ఖాళీ అయిపోయిందని అర్థం కాదు. డిస్కును చిన్న చిన్న గడులుగా విభజిస్తారు, ఒక్కో గడి ఒక సెక్టర్. పార్టిషన్ (డీ వంటి భాగం) మొట్టమొదట ఉండే బూట్ సెక్టర్‌ను చదవలేకపోతే, అక్కడున్నది ఏ ఫైల్ సిస్టమో, అంటే ఫైళ్లను ఏ పద్ధతిలో అమర్చారో విండోస్‌కు తెలియదు, తెలియనిదాన్ని ఫార్మాట్ చేయమనడం దానికి అలవాటు. విండోస్ మామూలుగా వాడే ఫైల్ సిస్టం ఎన్‌టీఎఫ్‌ఎస్, అది ఆ బూట్ సెక్టర్‌కు ఒక నకలును పార్టిషన్ చిట్టచివరన దాచుకుంటుంది. ఇక మీ ఫైళ్ల పేర్లు, పరిమాణాలు, డిస్కు మీద అవి ఎక్కడెక్కడ ఉన్నాయన్న సమాచారం అంతా మాస్టర్ ఫైల్ టేబుల్ అనే పట్టికలో ఉంటుంది. ఆ పట్టిక దెబ్బతినకపోతే పేర్లతో, ఫోల్డర్లతో సహా అన్నీ తిరిగి రావచ్చు. ఫార్మాట్ చేస్తే మాత్రం, త్వరిత పద్ధతిలో చేసినా, కొత్త పట్టిక వచ్చి పాత పట్టిక మీద కూర్చునే ప్రమాదముంది. పూర్తి ఫార్మాట్ అయితే, విస్టా నుంచి విండోస్ డిస్కంతా సున్నాలతో నింపేస్తోంది కాబట్టి, ఆ తరువాత చేయగలిగేది ఏమీ ఉండదు.

డిస్కు ఆరోగ్యాన్ని తెలుసుకోవడానికి దాని స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన స్థితి గురించి తానే రాసుకునే లెక్కలు చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాములు వాటిని చూపిస్తాయి, కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లు మాత్రం ఆ సమాచారాన్ని దాటనివ్వవు, అప్పుడు డిస్కును కంప్యూటర్ లోపల డిస్కులను కలిపే సాటా కేబుల్‌కే నేరుగా తగిలించాలి. 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు ముఖ్యం. 05 అంటే చెడిపోయి, వాటి బదులు వేరేవి కేటాయించిన సెక్టర్ల లెక్క. సీ5 అంటే చదవడానికి మొరాయిస్తూ తేలకుండా ఉన్నవి, సీ6 అంటే ఎంత ప్రయత్నించినా సరిచేయలేకపోయినవి. సీ5 సున్నా కాకపోతే మీ సమస్య సాఫ్ట్‌వేర్‌ది కాదు, డిస్కు లోపల తిరుగుతూ సమాచారాన్ని దాచుకునే పలకలదే.

అలాంటప్పుడు అసలు డిస్కు మీద ఏ రికవరీ ప్రోగ్రామునూ నడపకండి. మొత్తం డిస్కుకు సెక్టర్ వారీగా ఒక నకలు తీసి, ఆ తరువాత చేసే పనంతా నకలు మీదే చేయండి. దానికి నేను వాడేది జీఎన్‌యూ డీడీరెస్క్యూ. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఏదైనా లినక్స్‌లో అది దొరుకుతుంది. మామూలుగా ఫైళ్లను కాపీ చేసే ప్రోగ్రాము చెడ్డ సెక్టర్ తగలగానే అక్కడే కొట్టుకుంటుంది, ఇది అలా కాదు. మొదటి విడతలో తేలికగా చదవగలిగినదంతా చదివేసి, మొరాయించిన చోట్లను దాటుకుంటూ వెళ్లి, ఆ తరువాతే వెనక్కి వచ్చి వాటి అంచుల నుంచి కొంచెం కొంచెంగా గీక్కుంటుంది. ఏ భాగం వచ్చింది, ఏది రాలేదు అన్నది ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి, మధ్యలో ఆపి మరునాడు అక్కడి నుంచే కొనసాగించవచ్చు. మ్యాప్ ఫైలు పేరు ఇవ్వడం మరచిపోతే ఆ సౌకర్యం ఉండదు. నేను మొదటిసారి మరచిపోయి ఒక రాత్రి పనిని పోగొట్టుకున్నాను.

నకలును ఫైలుగా దాచాలంటే మీ డిస్కు కన్నా పెద్దదైన ఖాళీ డిస్కు కావాలి. సెకనుకు వంద మెగాబైట్ల వేగంతో చదవగలిగితే ఒక టెరాబైట్‌కు మూడు గంటల లోపు పడుతుంది, చెడ్డ సెక్టర్లు ఎక్కువైతే రోజులు పట్టినా ఆశ్చర్యపోవద్దు. ఆదేశంలో ముందు మూలం, తరువాత గమ్యం వస్తాయి. ఆ రెండూ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ ఫోటోల మీద పడుతుంది. డిస్కుల పేర్లు ప్రతిసారీ ఒకేలా ఉండవు కాబట్టి, పరిమాణాన్ని, డిస్కు మీద అచ్చువేసిన సీరియల్ నంబరును సరిచూసుకున్నాకే ఎంటర్ నొక్కండి.

నకలు తయారయ్యాక టెస్ట్‌డిస్క్ అనే రికవరీ ప్రోగ్రాముతో దాన్ని తెరవండి. చివరి సెక్టర్‌లోని బూట్ సెక్టర్ నకలు బాగుంటే, దాన్ని ముందుకు తెచ్చే వీలు అందులో ఉంది. మాస్టర్ ఫైల్ టేబుల్ కూడా పాడైతే చివరి మార్గం ఫోటోరెక్ అనే ప్రోగ్రాము. అది పేర్లతో పని లేకుండా, ఫైలు మొదట్లో ఉండే గుర్తును బట్టి వెతుకుతుంది. ప్రతి జేపెగ్ ఫోటో ఒకే రకమైన బైట్లతో మొదలవుతుంది కాబట్టి ఫోటోలు బాగానే దొరుకుతాయి. పేర్లు, ఫోల్డర్లు మాత్రం పోతాయి, ముక్కలుముక్కలుగా చెదిరి ఉన్న పెద్ద వీడియోలు సాధారణంగా రావు.

నకలు తీస్తుండగా టకటకమనే శబ్దం మొదలైతే వెంటనే కరెంటు తీసేయండి. అది చదివే హెడ్ దెబ్బతిన్న గుర్తు. అక్కడి నుంచి అది ధూళి లేని గదిలో డిస్కును విప్పగలిగే ప్రయోగశాలల పని.

గడియారం

ఇంత శ్రమ అవసరమా అని నా సందేహం. నాకూ ఒకసారి ఇలాగే జరిగితే, మరమ్మతు చేయమని చెప్పి చెక్‌డిస్క్‌ను (విండోస్‌లోని డిస్కు తనిఖీ ప్రోగ్రామును) నడిపాను, అరగంటలో అన్నీ మామూలుగా తెరుచుకున్నాయి. సెలయేరు గారు కూడా తొందరపడి ఆపకుండా పూర్తి కానిస్తే సరిపోయేదేమో. అదీ కుదరకపోతే డిస్కును సంచిలో చుట్టి ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచమని కూడా విన్నాను.

పాతయంత్రం

గడియారం గారూ, మీ డిస్కు పలకలు బాగున్నాయి గనుక మీకు అది పనిచేసింది. చెక్‌డిస్క్ ఉద్దేశం మీ ఫైళ్లను కాపాడటం కాదు, ఫైల్ సిస్టంలో లెక్కలు కుదిరేలా చేయడం. లెక్కకు రాని ఫైలు ఎదురైతే దాన్ని తీసేసి, మిగిలిన ముక్కలను ఫౌండ్ అనే ఫోల్డర్‌లో సీహెచ్‌కే అనే తోకతో (పేరు చివర చుక్క తరువాత వచ్చే అక్షరాలతో) పడేస్తుంది, పేరూ రకమూ తెలియని ఆ ముక్కల్లోంచి ఒక వర్డ్ ఫైలును ఏరుకోవడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది. పైగా అది చేసిన మార్పులన్నీ అసలు డిస్కు మీదే రాస్తుంది, వెనక్కి తీసుకునే మార్గం లేదు. చెడ్డ సెక్టర్లున్న డిస్కుకు ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. డీ విషయంలో ఎలాగూ అది పనిచేయదు, ఫైల్ సిస్టం ఏదో గుర్తుపట్టలేని డ్రైవు మీద నడవనని ముందే చెప్పేస్తుంది.

ఫ్రీజర్ సలహా మాత్రం దయచేసి ఎవరికీ ఇవ్వకండి. చల్లగా ఉన్న డిస్కును బయటకు తీయగానే గాలిలోని తేమ లోపల పలకల మీద పడుతుంది, పలకకూ హెడ్‌కూ మధ్య ఉండే ఖాళీ వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు తక్కువ.

వడ్లగింజ

ఒక చిన్న ప్రశ్న. ఆ డ్రైవులకు బిట్‌లాకర్ (విండోస్‌లో డ్రైవును గుప్తీకరించే సౌకర్యం) వేసి ఉందా? ఉంటే నకలు బాగానే వచ్చినా, 48 అంకెల రికవరీ కీ లేకుండా లోపలున్నది చదవడం ఎవరి వల్లా కాదు. కొన్ని కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు వాడేవారికి తెలియకుండానే గుప్తీకరణ మొదలవుతుంది, అప్పుడు కీ ఆ ఖాతాలోనే భద్రమై ఉంటుంది.

సెలయేరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బిట్‌లాకర్ లేదు. స్మార్ట్ వివరాల్లో సీ5 దగ్గర 96 అని ఉంది, కాబట్టి పాతయంత్రం గారి మాటే నిజమైంది.

డీడీరెస్క్యూను మూడు రాత్రులు నడిపాను. మొదటి విడత ఐదు గంటల్లోనే పూర్తయి తొంభైతొమ్మిది శాతానికి పైగా వచ్చేసింది, మిగిలిన కాస్తకే మిగతా సమయమంతా పట్టింది. చివరికి రాకుండా మిగిలింది అర మెగాబైట్ కన్నా తక్కువ. ఆ నకలు మీద టెస్ట్‌డిస్క్ నడిపితే, డీలో మొదటి బూట్ సెక్టర్ చెడిపోయిందనీ, చివరిది బాగుందనీ చూపించింది. దాన్ని ముందుకు తెచ్చిన వెంటనే ఫోటోల ఫోల్డర్లన్నీ పేర్లతో సహా కనిపించాయి. సీలోని నా ఫోల్డర్‌ను లినక్స్‌లో తెరిస్తే అనుమతుల గొడవే రాలేదు.

అయితే అమ్మ ఫైలు దగ్గరే చిక్కొచ్చింది. ఆ పేరుతో రెండు ఫైళ్లున్నాయి. ఒకటి 162 బైట్లే, మరొకటి 84 కిలోబైట్లు. రెండూ తెరుచుకోవడం లేదు. పెద్దదాన్ని తెరవబోతే ఫైలు పాడైందని వర్డ్ చెబుతోంది, మరమ్మతు చేయమన్నా చేయలేకపోతోంది.

వడ్లగింజ

ఆ 162 బైట్ల ఫైలును పట్టించుకోకండి. పత్రం తెరిచి ఉన్నప్పుడు, ఎవరు తెరిచారో గుర్తుంచుకోవడానికి వర్డ్ పెట్టుకునే తాత్కాలిక చీటీ అది, అందులో మీ రాత ఏమీ ఉండదు. కాని అది మిగిలి ఉందంటే, కంప్యూటర్ ఆగిపోయిన సమయంలో మీ పత్రం తెరిచే ఉందన్నమాట. అందుకే ముందుగా యాప్‌డేటాలో, రోమింగ్ కింద మైక్రోసాఫ్ట్ లోపల ఉన్న వర్డ్ ఫోల్డర్‌లో ఏఎస్‌డీ తోకతో ఏమైనా ఉందేమో చూడండి. అది వర్డ్ తనంతట తాను భద్రపరిచే ప్రతి.

అది లేకపోతే పెద్ద ఫైలు మీదే ఆశ పెట్టుకోవాలి. డాక్స్ ఫైలు, అంటే మీ వర్డ్ పత్రం, నిజానికి ఒక జిప్ కట్ట. దానికి ఒక నకలు తీసి, తోకను జిప్‌గా మార్చి, 7-జిప్‌తో తెరవండి. లోపల వర్డ్ అనే ఫోల్డర్‌లో డాక్యుమెంట్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటుంది, మీరు రాసిన వాక్యాలన్నీ అందులోనే ఉంటాయి. చదవలేకపోయిన సెక్టర్ ఈ ఫైలు మధ్యలో పడి ఉంటే, ఆ చోటు వరకు విప్పుకుని, ఆ తరువాతిది రాకపోవచ్చు. లోపముందని 7-జిప్ ఫిర్యాదు చేసినా, బయటకు వచ్చినంత వరకు తీసుకుని నోట్‌ప్యాడ్ వంటి దానిలో తెరవండి. కోణపు గుర్తుల మధ్య ఉన్న చెత్తంతా తీసేస్తే తెలుగు అక్షరాలు మిగులుతాయి.

వానచినుకు

సందర్భం దాటి అడుగుతున్నందుకు మన్నించండి. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ. నిన్న ఒక ఫోల్డర్‌ను రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేశాను. పైన చెప్పిన పద్ధతి నాకూ పనికొస్తుందా?

పాతయంత్రం

నిజం చెప్పాలంటే ఆశ చాలా తక్కువ. హార్డ్ డిస్కులో ఫైలును తీసేస్తే పట్టికలో గుర్తు మారుతుంది గాని, దాని మీద మరొకటి రాసేవరకు సమాచారం అక్కడే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో అలా కాదు. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి, ఫైలు తీసేయగానే ఆ చోటు ఇక అవసరం లేదని ట్రిమ్ అనే ఆదేశం డ్రైవుకు వెళుతుంది. అప్పటి నుంచి ఆ చోటును చదివితే సాధారణంగా సున్నాలే వస్తాయి, కాసేపట్లో డ్రైవు దాన్ని నిజంగానే చెరిపేస్తుంది. రికవరీ ప్రోగ్రాము ఫైళ్ల పేర్లను చూపించి ఆశపెట్టినా, తెరిచి చూస్తే లోపల ఏమీ ఉండదు. ఆ ఫోల్డర్ వన్‌డ్రైవ్ లేదా గూగుల్ డ్రైవ్‌తో జతపడి ఉంటే వాటి వెబ్‌సైటులోని చెత్తబుట్టలో చూడండి. వ్యక్తిగత ఖాతాల్లో తీసేసినవి 30 రోజులపాటు అక్కడ ఉంటాయి.

సెలయేరు

ఏఎస్‌డీ ఫైలు దొరకలేదు, ఆ ఫోల్డర్ ఖాళీగా ఉంది. వడ్లగింజ గారు చెప్పినట్టు జిప్‌గా మార్చి తెరిస్తే, లోపముందని చెబుతూనే డాక్యుమెంట్ ఫైలును బయటకు ఇచ్చింది. అది ఒక పదం మధ్యలో ఆగిపోయింది, కాని అంతకు ముందున్నదంతా చెక్కుచెదరలేదు. గుర్తులన్నీ తీసేసి కొత్త పత్రంలో అతికిస్తే 61 పేజీలు వచ్చాయి. నాకు గుర్తున్నంతలో మొత్తం 70 దాకా ఉండాలి. పోయిన పేజీల్లో ఏముందో అమ్మకు చదివి వినిపించి గుర్తుచేయడానికి నా దగ్గర ఏమీ లేదు గాని, ఆగిపోయిన ఆ వాక్యం వినిపించగానే ఆమె అక్కడి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఇవాళ నాలుగు పేజీలు టైపు చేశాను, ఈసారి పెన్‌డ్రైవ్‌లోనూ ఒక ప్రతి పెట్టాను.